పాముకు కట్టించిన మందిరం

బెంగళూరు నుంచి పుట్టింటికి వచ్చేసిన రోజు నా వెంట రెండు సూట్‌కేసులు, మూతకు చిల్లులు పొడిచిన ఒక ప్లాస్టిక్ డబ్బా ఉన్నాయి. సూట్‌కేసుల్లో ఏముందని ఎవరూ అడగలేదు.

డబ్బాలో ఉన్నది బోవా. దక్షిణ అమెరికా పాము. విషం లేదు, కొండచిలువలాగా చుట్టుకుని నలిపి మింగుతుంది. అప్పటికి దానికి ఏడు నెలలు. మూరన్నర పొడుగు, నా బొటనవేలంత లావు. కొన్నది నా భర్త. ఆయనకు ముందు పాము మీద మోజు తీరిందా, నా మీద తీరిందా అన్నది నేనింకా తేల్చుకోలేదు. విడిపోదామని అనుకున్నాక సామాను పంచుకునేటప్పుడు మిక్సీ దగ్గర మాటలు పెరిగాయి, ఇనుప బీరువా దగ్గర ఇంకా పెరిగాయి, పాము దగ్గర మాత్రం ఒక్క ముక్కతో అయిపోయింది. "తీసుకుపో" అన్నాడు. విదేశీ జంతువును ఇంట్లో ఉంచుకుంటే అటవీ శాఖలో నమోదు చేయించాలి, చేతులు మారితే అదీ రాయించాలి. ఆ కాగితం తొందరగానే నా పేరు మీదికి వచ్చింది. విడాకుల కాగితాలు ఇప్పటికీ కోర్టులోనే ఉన్నాయి.

మా ఇల్లు తిరుపతిలో. మా నాయన ముప్పై ఏళ్ళు ఒక గుడి పోటులో, అంటే దేవుడికి వంట చేసే చోట, పనిచేసి రిటైరయ్యాడు. మా వంటింట్లోకి ఉల్లిపాయ ఇంతవరకూ రాలేదు. అలాంటి ఇంటి వరండాలో నేను డబ్బా దించాను.

"ఏముండాది దాంట్లో?" అన్నాడు నాయన.

"పాము, నాయనా."

"యాడిది?"

"దక్షిణ అమెరికాది."

"మన పాములు సాలవా?"

"మన పాముల్ని పెంచితే జైల్లో పెడ్తారు. దీనికి కాగితాలుండాయి."

ఆయన జీవితమంతా గుడి ఉద్యోగం చేసిన మనిషి. కాగితాలున్నాయంటే సగం నమ్మకం కుదిరిపోతుంది. మిగతా సగం అమ్మ చెడగొట్టింది. అదేం తింటుందని అడిగింది.

"ఎలుకలు" అన్నాను.

అమ్మ వంటింట్లోకి వెళ్ళి, అక్కడ ఏ పనీ చేయకుండా తిరిగొచ్చింది.

"పాలు తాగదా?"

"తాగదు."

"పండు పెడితే?"

"తినదమ్మా."

"మెల్లంగా అలవాటు చేస్తే?"

సాయంత్రానికి షరతులు తేలాయి. పాము మిద్దె మీది గదిలో ఉండాలి. దాని తిండి కోసం వేరే పాత ఫ్రిజ్ ఒకటి ఆ గదిలోనే పెట్టాలి. దాన్ని ముట్టుకుంటే స్నానం చేసి గానీ కిందికి దిగకూడదు. ఎలుక అనే మాట వంటింట్లో వినబడకూడదు. అమ్మ దానికి "పదార్థం" అని పేరు పెట్టింది. నాయన ఒక్క షరతే పెట్టాడు.

"ముప్పై ఏండ్లు నలుగురికీ అన్నం పెట్టే చోట పని చేసినాను. నా ఇంట్లో ఒక ప్రాణి పస్తుండి సావగూడదు. అదొక్కటి సూసుకో."

సూసుకుంటానన్నాను. అప్పటికి నాదీ అని చెప్పుకోవడానికి మిగిలింది ఆ పామొక్కటే. దాన్ని చంపుకునే ఉద్దేశం నాకేమాత్రం లేదు.

ప్లాస్టిక్ డబ్బా ప్రయాణానికి పనికొస్తుంది గానీ కాపురానికి పనికిరాదు. కొయ్య పెట్టె కావాలి. ముందు వైపు అద్దం, గాలికి సందులు, గట్టి గొళ్ళెం, లోపల ఒక మూల వెచ్చగా, ఇంకో మూల చల్లగా. నాయనకు బాగా తెలిసిన ఆచారి ఒకాయన ఉన్నాడు. ఊళ్ళో ఇళ్ళకు పూజా మందిరాలు చేసిపెడతాడు. ఆయన్ని పిలిపించాడు.

నేను కావలసినవన్నీ చెప్పాను. కొయ్య, అద్దం, తలుపు, లోపల దీపం. ఆచారి తలూపుతూ విన్నాడు. ఇందులో ఆయనకు కొత్తగా వినిపించింది ఏమీ లేదు.

"ఏ సామికి?" అన్నాడు.

"పాముకు."

"శేషుడికా?"

"కాదు, పాముకే."

ఆయన గొంతు తగ్గించి నాయన వైపు వంగాడు. "రెండుతలల పామా, సామీ?" మా ప్రాంతంలో రెండుతలల పాము ఇంట్లో ఉంటే లక్ష్మి నడిచొస్తుందని నమ్మేవాళ్ళున్నారు. దాన్ని పట్టుకుని జైలుకు నడిచినవాళ్ళూ ఉన్నారు.

"కాదు. ఒక తలే" అన్నాన్నేను.

"అట్లయితే ఏం లాభం" అని ఆచారి టేపు తీశాడు.

మూడడుగుల పెట్టె చాలని నేనన్నాను. నాయన ఒప్పుకోలేదు. "ఎదిగే బిడ్డకు ఎవురన్నా కొలిచి కుట్టిస్తారా?" అన్నాడు. మా ఇంట్లో ఎవరూ ఎప్పుడూ కొలిచి కుట్టించలేదు. నాలుగో తరగతిలో నాకు కుట్టించిన స్కూలు పావడా ఏడో తరగతిలో సరిపోయింది, అప్పటికి దాని రంగు పోయింది. ఆ లెక్కన పెట్టె ఆరడుగులైంది.

మూడు వారాల తర్వాత అది టెంపోలో వచ్చింది. నలుగురు మనుషులు మెట్లెక్కించారు, పైకి చేరేసరికి నలుగురికీ తల ప్రాణం తోకకొచ్చింది. మూడు వైపులా అద్దాలు. వెనక నిలువుటద్దం. పైన చెక్కిన చిలకలు, నడుమ తామరపువ్వు. తలుపుకు చిన్న ఇత్తడి గంట. అడుగున కర్పూరం, అగ్గిపెట్టె పెట్టుకోవడానికి సొరుగు. లోపల నాలుగు దీపాలు.

"యా పక్కనుంచి సూసినా దర్శనం కావాల గదా, సామీ" అన్నాడు ఆచారి.

పిల్ల పాముకు ఇంత పెద్ద, ఇంత బట్టబయలు పెట్టె పనికిరాదని నేను అంతకుముందే చదివి ఉన్నాను. నాకు తెలియక కాదు. ఆ చిలకల్ని చూసి నాకూ ముచ్చటేసింది. గంట మాత్రం ఊడదీశాను. సొరుగులో పట్టకారు, థర్మామీటరు పెట్టుకున్నాను.

తర్వాత వేడి సంగతి. పాము పడుకునే చోట ఒక మూల ముప్పై ఒకటి, ముప్పై రెండు డిగ్రీలు ఉండాలి. అందుకు చిన్న హీటరు చాప దొరుకుతుంది. మార్చి నెలలో తిరుపతిలో నేను హీటరు కావాలంటే కొట్టాయన "కూలరా?" అని రెండుసార్లు అడిగాడు. తెచ్చి పెట్టాను. తెల్లవారుజామున అది పనిచేసింది. మధ్యాహ్నానికి మిద్దె మీది గది దానంతటదే ముప్పై ఎనిమిదికి పోయింది. అంత వేడికి పాము చచ్చిపోతుంది. నాయన ఆ అంకె చూసి, వెళ్ళి సున్నం బస్తా తెచ్చాడు. మిద్దె పైన రెండు పూతలు వేయించాడు. గోనెసంచులు తడిపి పరిచాడు. కిటికీకి వట్టివేళ్ళ తడిక కట్టాడు. నేను నర్సరీ నుంచి కొబ్బరిపీచు పొడి తెచ్చి తడిపి పెట్టె అడుగున వేశాను. గది చల్లబడింది. అమ్మ ముప్పై ఏళ్ళుగా మిద్దెకు సున్నం కొట్టించమని అడుగుతోంది. ఆమె గోడకానుకుని చాలాసేపు పాము వైపు చూసింది.

పదార్థం చెన్నై నుంచి వచ్చేది. అక్కడ పాములు పెంచేవాళ్ళకు గడ్డకట్టించిన చిట్టెలుకలు పంపే ఒకతను ఉన్నాడు. ఐసు పోసిన థర్మాకోల్ పెట్టె బస్సులో వేసేవాడు. బస్టాండులో పార్శిల్ దించే మనిషి "ఏముండాయి ఇందులో?" అంటే "మేత" అనేదాన్ని. "ఎవురికి?" అంటే "ఇంట్లో ఒకరికి" అనేదాన్ని. ఆయన సంతకం పెట్టించుకునేవాడు.

ఇన్ని చేస్తే పాము తినలేదు.

మందిరంలోకి మార్చిన రోజు నుంచి అది ఒక మూలకు పోయి, అద్దానికి ముక్కు ఆనించి, తాడు ఉండలా బిగుసుకుని కూర్చుంది. ఎవరన్నా కదిలితే అద్దాన్ని కొట్టేది. గోరువెచ్చని నీళ్ళలో కరిగించిన చిట్టెలుకను పట్టకారుతో ముందు ఆడిస్తే తల తిప్పుకునేది. పది రోజులాగి మళ్ళీ పెట్టాను. మళ్ళీ అంతే. నాయన రోజూ పొద్దున కాఫీ తాగకముందే "తినిందా?" అనేవాడు.

దాన్ని చూడ్డానికి జనం వచ్చేవాళ్ళు. పక్కింటివాళ్ళు, వీధిలోవాళ్ళు, అమ్మ వైపు చుట్టాలు. నిజానికి వాళ్ళు చూడ్డానికి వచ్చింది నన్ను. మొగుణ్ణి వదిలి వచ్చిన ఆడపిల్లను ఊరికే చూడ్డానికి వస్తే బాగుండదు, పాము ఉంటే ఒక సాకు. పైకి వెళ్ళి దాన్ని రెండు నిమిషాలు చూసి, కిందికి వచ్చి హాల్లో నా ఎదురుగా గంట కూర్చునేవాళ్ళు. నేనేం తింటున్నానో, ఎంత తింటున్నానో, ముఖంలో కళ ఉందో లేదో చూసేవాళ్ళు. నాకు ముద్ద దిగేది కాదు. పొయ్యి దగ్గర నిలబడే రెండు ముద్దలు తిని కంచం కడిగేసేదాన్ని. అమ్మ తింటున్నాననే అనుకుంది.

అందరికన్నా గట్టిగా చూసింది మా మేనత్త. నాయనకు అక్క. నగరి నుంచి వచ్చింది. ఒక గ్లాసు పాలు పసుపు వేసి తెచ్చి, నేను చూడకుండా పాము నీళ్ళగిన్నెలో పోసింది. పాము గిన్నెను తలకిందులు చేసింది. కొబ్బరిపీచంతా పారబోసి మళ్ళీ వేశాను.

"ఒక్కటే ఉంటాదా ఇది?" అంది అత్త.

"ఒక్కటే ఉంటుంది."

"జత వద్దా?"

"వద్దత్తా. జత ఉంటే ఒకదాన్నొకటి ఇబ్బంది పెట్టుకుంటాయి."

"అట్ల యాడన్నా ఉంటాదా" అని ఆమె పాము వైపు కాక నా వైపు చూసింది. పోతూ పోతూ నాయనతో వరండాలో గొంతు తగ్గించి మాట్లాడింది. అబ్బాయి తరఫువాళ్ళతో మాట్లాడతానని, సర్దుకుపొమ్మని చెప్పి పంపించేస్తే మంచిదని. గొంతు తగ్గించానని ఆమె అనుకుంది. నాయన కాదనలేదన్నది నాకు గుచ్చుకుంది.

మూడోసారి తిండి పెట్టే రోజున గదిలో నేను కాక ఐదుగురు ఉన్నారు. నాయన తలుపు దగ్గర, అమ్మ కొంగు కళ్ళకడ్డం పెట్టుకుని, పక్కింటి దంపతులు, ఫోనులో తీయడానికి వాళ్ళ చుట్టం ఒకాయన. పాము వెనక్కి వెనక్కి పోయి, నిలువుటద్దానికి తల కొట్టుకుంది. ముక్కు దగ్గర చిన్నగా తోలు లేచింది. ఒళ్ళు సన్నబడింది, వెన్ను తేలి కనిపిస్తోంది.

అందరూ పోయాక నాయన మెట్ల మీద కూర్చుని నన్ను పిలిచాడు.

"పున్నమి దాకా సూస్తాను. అప్పిటికీ తినకపోతే తెచ్చిన సోటికే పంపించెయ్యి. దానికి సరిపడని ఇంట్లో పెట్టుకుని సంపేదానికి మనకేం హక్కుండాది?"

పున్నమికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. ఆయన పాము గురించే అన్నాడు. కానీ వారం కిందట వరండాలో విన్న మాటల తర్వాత అది నా గురించి అన్నట్టే నా చెవికి వినిపించింది. కింద నా గదిలోకి పోయి ఏడ్చాను. ఆ పామును పంపించేస్తే రేపు నన్ను పంపించడం ఎంతసేపు అనిపించింది.

మరుసటి రోజు చెన్నై అతనికి ఫోన్ చేశాను. పెట్టె ఎలా ఉందని అడిగాడు. చెప్పాను. "అక్కా, అది పాము. షోరూంలో బొమ్మ కాదు" అన్నాడు. పిల్ల పాముకు నాలుగు వైపులా బయలు కనిపిస్తే ఎవరో తనను పట్టుకోవడానికి చూస్తున్నారనే అనుకుంటుందట. దాక్కునే చోటు లేకపోతే తినదట. తింటున్నప్పుడు దానికి తప్పించుకోవడం కుదరదు కాబట్టి.

ఈ మాట నాయనకు ఎలా చెప్పాలో తెలియలేదు. ఆరడుగులు ఆయన మాట, చిలకలు ఆచారి ముచ్చట, నోరు మూసుకున్నది నేను. చెప్పాను. ఆయన విని, చాలాసేపు అరచేతులు చూసుకున్నాడు.

"గుళ్ళో ఆరగింపుకు గంగాళాలు తీసకపొయ్యి సామి ముందర పెడ్తాం గదా. పెట్టినాక ఏం సేస్తారు?"

"తెర వేస్తారు."

"తెర ఏసి అందురూ బయిటికి వచ్చేస్తారు. వండినోణ్ణి, నేను గూడా బయిటే. ముప్పై ఏండ్లు వండినాను, ఆరగించేది ఒక్కనాడు సూళ్ళేదు. మా తాత అన్నం తినేటప్పుడు గూడా ఇంట్లో తలుపు మూసేవాళ్ళు, ఎవురి కండ్లూ ఆకు మీద పడగూడదని." లేచి నిలబడ్డాడు. "దర్శనం గుర్తొచ్చింది గానీ తెర మర్సిపోయినాను. తప్పు నాదే."

ఆ సాయంత్రమే ఆచారి వచ్చాడు. ఆరడుగుల్లో రెండడుగులు మాత్రం మిగిలేలా నడుమ పలక అడ్డం కొట్టమంటే ఆయన ముఖం చిన్నబోయింది. "ఇంత పని సేసి మూసెయ్యమంటారా, సామీ" అన్నాడు. అయినా కొట్టాడు. నిలువుటద్దానికి నేను మందపాటి కాగితం అంటించాను. అమ్మ తన పాత నగరి నూలు చీర చించి, అంచు కుట్టి, తీగకు రింగులు వేసి మూడు వైపులా తెర కట్టింది. ఒక మట్టి చట్టిని సగానికి పగలగొట్టి, అంచులు నున్నగా రాసి, లోపల బోర్లించాం. పాము పది నిమిషాల్లో దాని కిందికి పోయింది. ఆ తర్వాత వారం రోజులు నేను నీళ్ళు మార్చడానికి తప్ప ఎవరూ పైకి పోలేదు. చూడ్డానికి వచ్చినవాళ్ళకు నాయన, అది కనిపించదని చెప్పి వరండాలోంచే పంపించేశాడు. సాకు పోయాక వాళ్ళు హాల్లో కూర్చోవడమూ తగ్గింది.

పున్నమికి రెండు రోజుల ముందు, దీపాలు పెట్టే వేళ, చిట్టెలుకను వెచ్చని నీళ్ళలో కరిగించాను. నాయన అరిటాకు ముక్క ఒకటి కోసి, ముఖం పక్కకు తిప్పుకుని అందించాడు.

"కింద పెట్టేది మర్యాద గాదు" అన్నాడు.

ఆకు పరిచి, దాని మీద పెట్టి, తెర వేసి, గది తలుపు దగ్గరికి లాగి వచ్చేశాను. నాయన మూడో మెట్టు మీద అడ్డంగా కూర్చున్నాడు. నేను స్నానం చేసి వచ్చేసరికి అమ్మ వంటింట్లో పీట వేసి, నాకు అన్నం వడ్డించింది. పొయ్యి దగ్గర నిలబడతానంటే వద్దంది. ఎప్పటినుంచి గమనిస్తోందో తెలియదు.

మొదటి ముద్ద కలిపేటప్పుడు బయట మేనత్త గొంతు వినిపించింది. నగరి బస్సు దిగి నేరుగా వచ్చింది.

"యాడ తమ్ముడా, పాప? మాట్లాడాల. వాళ్ళు దిగొచ్చినారు. పంపిస్తే పిల్చుకుంటారంట."

"పైన పాము తింటా ఉండాది" అన్నాడు నాయన.

"నేనడిగింది పాము గాదు."

"పాప గూడా తింటా ఉండాది, అక్కా. ఇద్దర్నీ ఇప్పుడు సూసేదానికి లే. కూర్సో."

ఆయన గొంతు పెంచలేదు. గుడిలో ఆరగింపు వేళ భక్తులకు చెప్పినట్టే చెప్పాడు. అమ్మ లేచి వంటింటి తలుపు వేసింది. నాకు కన్నీళ్ళు ఆగలేదు. చారన్నంలో పడ్డాయి. అమ్మ చారులో ఎప్పుడూ ఉప్పు తక్కువే కాబట్టి ఇబ్బంది కాలేదు. కంచం ఖాళీ చేసి, పెరుగన్నం రెండుసార్లు వేయించుకున్నాను. ఆ ఇంటికి వచ్చాక కూర్చుని, కడుపు నిండా తినడం అదే మొదలు.

గంట తర్వాత పైకి పోయాను. నాయన వెంట వచ్చాడు గానీ గదిలోకి రాలేదు, గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. తెర అంచు కొంచెం జరిపాను. ఆకు ఖాళీగా ఉంది. చట్టి కింద పాము మెత్తగా చుట్టుకుని పడుకుంది, నడుమ దగ్గర ఒక చిన్న ఉబ్బు.

"తినిందా?" అన్నాడు గోడ వైపు చూస్తూనే.

"తినింది, నాయనా."

ఆయన కండువాతో ముఖం తుడుచుకుని కిందికి దిగాడు. నేను వెనకే దిగాను. అత్త వరండాలో కాఫీ గ్లాసు పట్టుకుని కూర్చుని ఉంది. చల్లారిపోయిన కాఫీ.

"అయితే ఎప్పుడు పంపిస్తావు, తమ్ముడా?"

"పంపించేది లేదక్కా. ఇద్దరూ ఈడనే ఉంటారు" అన్నాడు నాయన. తర్వాత అమ్మ వైపు తిరిగాడు. "రేపు ఆచారిని పిలిపించాల. ఎండలు ముదరక ముందే ఆ పెట్టెను పాప గదిలోకి దింపించాల. పైన వేడికి అది ఉండలేదు."